పాత కారును ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

షెడ్డులోనో చెట్టు కిందో ఏళ్ల తరబడి కదలకుండా పడున్న కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. పని చేయాల్సిన వరుస కూడా దాదాపు ఇదే. నా పట్టుదల ఒకటుంది, అది చాలా జవాబుల్లో కనిపిస్తుంది: కారును మొత్తం విప్పకండి. ముందు ఇంజిన్ తిరగాలి, తర్వాత బ్రేకులు పట్టాలి, అందం సంగతి ఆ తర్వాత.

నా కారు మరీ అంత పాతది కాదు, 1985 నాటిది. ఇవి నాకు పనికొస్తాయా?

పనికొస్తాయి. పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు నిండిన వాటిని చారిత్రక వాహనాల కింద లెక్కేస్తుంది, ఆ లెక్కన మీ కారు ఎప్పుడో ఆ వరసలో చేరింది. బ్రిటిష్ క్లబ్బులు వింటేజ్ అనే మాటను 1919 నుంచి 1930 దాకా వచ్చిన కార్లకే వాడతాయి గానీ, పానా పట్టుకున్నవాడికి ఆ గొడవ అక్కర్లేదు. కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్నాయంటే కింద రాసినవన్నీ మీకే. కంప్యూటర్‌తో నడిచే ఇంజెక్షన్ కారయితే ఇంజిన్ సంగతులు కొంచెం మారతాయి, మిగతాదంతా ఇంతే.

మొదటిసారి చేస్తున్నాను. ఏ కారుతో మొదలుపెట్టాలి?

విడిభాగాలు దొరికే కారుతో. మీ మనసు దోచిన కారు అరుదైనదైతే దాన్ని రెండోసారికి పెట్టుకోండి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1938 నుంచి 2003 దాకా 2 కోట్లకు పైగా తయారైంది, మినీ 1959 నుంచి 2000 దాకా 50 లక్షలకు పైగా, మోరిస్ మైనర్ కూడా లక్షల్లోనే వచ్చింది. ఇలాంటి వాటికి వాషర్ల దగ్గర్నుంచి ఫ్లోర్ రేకుల దాకా కొత్తవి ఇప్పటికీ తయారు చేసేవాళ్లున్నారు. ఎప్పుడో వెయ్యి మాత్రమే వచ్చిన మోడల్‌కి ఒక టెయిల్ లైట్ అద్దం పగిలితే ఏడాది వెతకాలి, అది కూడా అదృష్టం బాగుంటే.

ఇంకో మాట. పూర్తిగా ఉన్న కారు, అంటే చిన్న చిన్న బిళ్లలు, బీడింగులు, హ్యాండిళ్లు అన్నీ ఉన్న కారు, ఇంజిన్ పాడైనా సరే మంచి బేరం. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉండి సగం సామాన్లు లేని కారు మంచి బేరం కాదు.

కొనేముందు ముఖ్యంగా ఏం చూడాలి?

తుప్పు. మిగతావన్నీ దాని తర్వాతే. ఇంజిన్, గేర్ బాక్సు, బ్రేకులు ఎంత పాడైనా వాటికో లెక్క ఉంటుంది, తుప్పుకి ఉండదు. పైనుంచి అరచేతి వెడల్పు కనిపించే మచ్చ, రేకు కోసి చూస్తే లోపల అడుగు పొడవు ఉంటుంది.

మెరిసే పెయింటును పట్టించుకోకుండా కిందకి వంగండి. తలుపుల కింద ఉండే సిల్లులు, కార్పెట్ ఎత్తి ఫ్లోర్, స్పేర్ చక్రం గుంట, బ్యాటరీ ట్రే చుట్టూ, ముందు అద్దం కింది అంచు, సస్పెన్షన్ బాడీకి బిగించిన చోట్లు, జాకీ పెట్టే చోట్లు, ఇవన్నీ నీళ్లు నిలిచే జాగాలు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. అది అతుక్కోని చోట ఇనుము లేదు, ఉన్నది లప్పం. తలుపు తెరిచి కొంచెం పైకి ఎత్తి చూడండి. ఊగితే కీలు అరిగి ఉండొచ్చు, లేదా కీలు బిగించిన స్తంభమే తినేసి ఉండొచ్చు. రెండింటికీ పనిలో చాలా తేడా. తలుపు చుట్టూ సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగిందేమోనని అనుమానించాలి.

తర్వాత కాగితాలు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో కలుస్తున్నాయా అని కారు దగ్గరే నిలబడి చూడండి. 17 అక్షరాల నంబరు 1981 తర్వాత స్థిరపడింది, అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, కాబట్టి నంబరు పొట్టిగా ఉందని కంగారు పడకండి. గీకేసినట్టో మళ్లీ కొట్టినట్టో ఉంటే మాత్రం వెనక్కి వచ్చేయండి.

మొత్తం విప్పేసి, ప్రతి ముక్కా శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే మంచిది కదా?

వద్దు. ఇంటి దగ్గర మొదలెట్టిన పనుల్లో ఆగిపోయినవి చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. విప్పడం ఉత్సాహంగా ఉంటుంది, వారం పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత కారు అనేది ఉండదు, డబ్బాలు ఉంటాయి. డబ్బాల్లో ఉన్న కారును తోయలేరు, అమ్మబోతే సగం ధర కూడా రాదు. విప్పిన కారు మామూలు కారుకి రెండు మూడింతల చోటు తింటుంది, ఇంట్లో వాళ్ల ఓపిక కూడా అంతే వేగంగా తింటుంది.

దాని బదులు కారును చక్రాల మీదే ఉంచి, ఒకసారి ఒక విభాగం పట్టుకోండి. ఈ నెల బ్రేకులు. అవి విప్పి, బాగుచేసి, బిగించి, పరీక్షించాకే వైరింగ్ మీద చెయ్యి. ప్రతి దశ చివరా కారు నిన్నటికంటే కొంచెం ఎక్కువ కారులా ఉండాలి, అది లేకపోతే మూడో నెలకే విసుగొస్తుంది. ఫ్లోర్ మొత్తం పోయిన బాడీకి, లేదా ఛాసిస్ ఫ్రేమే విరిగిన కారుకి పూర్తిగా విప్పక తప్పదు, అది వేరే సంగతి. అలాంటి దాన్ని మొదటి కారుగా తీసుకోవద్దనే నా సలహా.

ఏది విప్పినా ముందు ఫోన్‌తో ఫోటోలు తీయండి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. వైరు ఏ రంగుది ఏ టెర్మినల్‌కి వెళ్తుందో కనిపించాలి. నట్లూ బోల్టులూ జిప్ కవర్లో వేసి, పైన పెన్నుతో రాయండి. "ఎడమ ముందు బంపర్, పై బోల్టులు" అని రాయాలి, "బంపర్" అని రాస్తే చాలదు. పాడైన భాగాన్ని కొత్తది వచ్చి బిగించేదాకా పారేయకండి. కొలత తీసుకోవడానికి ఆ పాతదే దిక్కు.

ఏయే పనిముట్లు కావాలి? కారు కింద నిలబడి పని చేసుకునే గుంట ఉంటే మంచిదా?

అన్నిటికంటే ముందు ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్, విడిభాగాల బొమ్మల పుస్తకం. తర్వాత మంచి సాకెట్ సెట్టు, పానాలు, టార్క్ రెంచి, మల్టీమీటర్, కంప్రెషన్ గేజి, టైమింగ్ లైటు, ఫీలర్ గేజి. పానాలు కొనేముందు మీ కారు ఏ కొలతల్లో ఉందో కనుక్కోండి. యుద్ధానికి ముందు బ్రిటిష్ కార్లు విట్‌వర్త్ రకం (పాత బ్రిటిష్ మర కొలత), తర్వాతివి ఎక్కువగా అంగుళాల కొలత, యూరప్ వాటికి మిల్లీమీటర్లు. దాదాపు సరిపోయే పానా పెడితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, తర్వాత దాన్ని తీయడం ఒక పూట పని.

జాకీ ఎత్తడానికే. కింద దూరాలంటే స్టాండ్లు పెట్టాల్సిందే, అదీ గట్టి సమతల నేల మీద, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఒక్కసారిగా పగిలిపోతాయి, వాటిని నమ్మకండి. దూరేముందు కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. పడేదేదో మీరు బయట ఉండగానే పడుతుంది.

గుంట సౌకర్యమే గానీ నాకు ఇష్టం లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందకి దిగి గుంటలో పేరుకుంటుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోలు పని గుంట మీద అసలు చేయకండి.

పదేళ్లుగా ఆగి ఉంది. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొచ్చా?

కొట్టకండి. ఇన్నాళ్లు బాగానే ఉన్న ఇంజిన్ ఆ ఒక్క ఉత్సాహంతో పాడవుతుంది. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎప్పుడో దిగిపోయింది, రింగులు పొడిగా ఉన్నాయి, ఏదో ఒక వాల్వు తెరుచుకుని అలాగే పట్టేసి ఉండొచ్చు.

ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పల్చటి ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్లు కలిశాయి. పెట్రోలు వాసన వస్తే మెకానికల్ పంపు లోపలి డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు ఇంజిన్‌లోకి దిగుతోంది. రెండింట్లో ఏది కనిపించినా కారణం తేలేదాకా ముందుకెళ్లొద్దు. రెండూ లేకపోతే పాత ఆయిల్ తీసేసి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేయండి. ఇప్పుడు క్రాంక్ పుల్లీ నట్టుకి పానా పెట్టి చేత్తో, నెమ్మదిగా, పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, బలం పెట్టకండి. వాల్వు కవర్ తీసి, తిప్పుతున్నప్పుడు ప్రతి వాల్వూ లేచి దిగుతోందో లేదో చూస్తే ఇంకా మంచిది.

అంతా సాఫీగా తిరిగితే, ప్లగ్గులు ఇంకా బయటే ఉంచి, అప్పుడు సెల్ఫ్‌తో తిప్పండి, కొన్ని సెకన్ల చొప్పున, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా లేదా గేజి లేచేదాకా. తర్వాతే ప్లగ్గులు పెట్టండి. పెట్రోలు మాత్రం పాత ట్యాంకు నుంచి వద్దు, వేరే చిన్న క్యాను నుంచి కొత్త పెట్రోలు పైపుతో ఇవ్వండి. పక్కన నిప్పు ఆర్పే సిలిండర్ ఉండాలి, షెడ్డు తలుపులు తెరిచి ఉండాలి.

హ్యాండిల్‌తో తిప్పే కారయితే బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ బిగించకండి, మిగతా వేళ్ల వైపే ఉంచి కింద నుంచి పైకి లాగండి. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి, లేకపోతే ఎముక విరుగుతుంది.

ఇంజిన్ సీజ్ అయింది, అసలు తిరగట్లేదు. పని అయిపోయినట్టేనా?

కాదు. ఆగి ఆగి పట్టేసిన ఇంజిన్లు చాలావరకు తుప్పు వల్ల రింగులు అతుక్కున్నవే. ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సగం సగం కలిపి సిలిండర్లలో పోయడం చాలామంది వాడే పద్ధతి, లేదా దుకాణంలో దొరికే తుప్పు వదిలించే ఆయిల్ అయినా సరే. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, జాగ్రత్త. పోసి వారం ఆగండి. రోజూ పుల్లీ నట్టు మీద రెండు వైపులా కొంచెం కొంచెం కదిపి చూడండి. వెంట్రుకవాసి కదిలిందంటే గెలిచినట్టే, మిగతాది ఓపిక. ఇలా వదిలిన ఇంజిన్ మళ్లీ ఎన్నాళ్లు నడుస్తుందనేది కంప్రెషన్ చూశాకే చెప్పగలం. కొన్ని ఏళ్లు నడుస్తాయి, కొన్ని మొదటి రోజు నుంచే పొగ చిమ్ముతాయి.

ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, అని అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

కంప్రెషన్ గేజితో, విప్పకముందే. ఇంజిన్‌ను వెచ్చబెట్టి, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కనెక్షన్ తప్పించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండర్ కొలవండి. అంకె ఎంతన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, బాగా పాత తక్కువ కంప్రెషన్ ఇంజిన్లలో 90, 100 పీఎస్ఐ కూడా ఆరోగ్యమే. చూడాల్సింది తేడా. సిలిండర్ల మధ్య 10, 15 శాతం దాటి తేడా ఉండకూడదు. తక్కువ చూపించిన దానిలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె లేస్తే రింగులు లేదా బోరు, లేవకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువైతే ఎక్కువసార్లు మధ్యలో హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే, దానికి బోరింగ్ అక్కర్లేదు.

స్టార్ట్ అవుతోంది గానీ తన్నుతోంది, పికప్ లేదు. కార్బొరేటర్ మార్చేయనా?

కార్బొరేటర్‌ని చివరికి అనుమానించండి. అందరూ ముందు దాని స్క్రూలే తిప్పుతారు, ఎందుకంటే అవి పైకి కనిపిస్తాయి. చేయాల్సిన వరుస ఇది: వాల్వు క్లియరెన్స్, తర్వాత పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటు కలిపి తెంపేవి), తర్వాత టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం), చివర్న మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు). పాయింట్ల సందు చాలా కార్లలో 0.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ప్లగ్గుది 0.6 నుంచి 0.7, మీ మాన్యువల్లో ఉన్నదే ఫైనల్. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది, అందుకే పాయింట్లు ముందు, టైమింగ్ తర్వాత. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే జబ్బుకి కండెన్సర్, కాయిల్ మొదటి ముద్దాయిలు.

అవన్నీ సరిగా ఉన్నాక కార్బొరేటర్ విప్పండి. జెట్లలో ఇనుప తీగ గుచ్చకండి, రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా లెక్క తప్పుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడింది. థ్రోటిల్ స్పిండిల్ అటూ ఇటూ ఆడుతుంటే అక్కడ నుంచి గాలి లాగుతుంది, ఆ కార్బొరేటర్‌ని ఎంత ట్యూన్ చేసినా నిలకడ రాదు, స్పిండిల్‌కి బుష్షులు వేయించాలి.

పాత ట్యాంకు లోపల తుప్పు. వెల్డింగ్ చేయించవచ్చా?

ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఉన్నది ఆవిరి. కడిగి ఎండబెట్టినా అతుకుల్లో మిగిలిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి లేదా కొత్త ట్యాంకు చూసుకోండి.

బ్రేకుల్లో ఏవేవి మార్చాలి?

రబ్బరు ఉన్న ప్రతిదీ. ఇక్కడ పొదుపు వద్దు, బాగానే ఉన్నట్టుంది కదా అనే మాట అసలే వద్దు. బ్రేక్ హోస్ పైపులు బయటికి నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. పెడల్ తొక్కితే ఒత్తిడి వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు, చక్రం పట్టేసి వేడెక్కుతుంది. వీల్ సిలిండర్లు విప్పి లోపలి గోడ చూడండి, గుంటలు పడి ఉంటే లోపలి రబ్బరు కప్పులు మార్చినా మళ్లీ కారుతుంది, సిలిండరే మార్చాలి. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే రాగి నికెల్ మిశ్రమం పైపులు వేసుకోండి, వంచడం తేలిక, తుప్పు పట్టవు.

1960ల మధ్య దాకా వచ్చిన చాలా కార్లలో బ్రేకులది ఒకటే సర్క్యూట్. అంటే ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు లేనట్టే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అలాంటి కార్లలో హ్యాండ్ బ్రేకు నిజంగా పనిచేసేలా ఉంచుకోవాలి.

పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుందని అనుకునే పని చేయండి. డ్రమ్ములోని దుమ్ము గాలితో ఊదొద్దు, పొడి బ్రష్షుతో దులపొద్దు. తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి, మాస్కు పెట్టుకోండి.

ఫ్లూయిడ్ గురించి: మామూలు డాట్ 3, డాట్ 4 గాలిలో తేమ పీల్చుకుంటాయి, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పెయింటు మీద పడితే తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. డాట్ 5 అనేది సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు. డాట్ 5.1 మళ్లీ డాట్ 4 కుటుంబమే, పేరు చూసి పొరబడతారు. సిట్రోయెన్ డీఎస్ లాంటివి 1960ల రెండో సగం నుంచి ఆకుపచ్చ మినరల్ ద్రవంతో నడుస్తాయి, వాటిలో మామూలు బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లన్నీ నాశనం.

బ్రేకు పైపుల్లోంచి గాలి తీశాక కూడా పెడల్ మెత్తగా ఉంటే, మళ్లీ గాలి తీసేముందు షూలు సరిగా అడ్జస్ట్ చేశారో లేదో చూడండి. మొదటి పరీక్ష నడక వేగంలో, చదునైన ఖాళీ చోట.

క్లచ్ తొక్కినా గేర్ పడట్లేదు.

ఆగి ఉన్నప్పుడు క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుని ఉంటుంది. పెడల్‌ని కర్రతో కిందకి బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున ఇంజిన్ ఆపే ఉంచి, టాప్ గేరులో వేసి, కారును ముందుకీ వెనక్కీ కుదుపుతూ తోయండి. చాలాసార్లు టప్ మని వదులుతుంది.

వైరింగ్ మొత్తం మార్చాలా?

గుడ్డ చుట్టిన పాత వైర్లు వంచితే పొడిపొడిగా రాలుతుంటే, మార్చాలి. మీ మోడల్‌కి సరిపోయే తయారైన హార్నెస్ (వైర్లన్నీ కట్టగా ఉన్న సెట్టు) దొరికితే అదే కొనండి. ఒక్కో వైరు మారుస్తూ పోతే కారుకీ మీకూ మాత్రమే అర్థమయ్యే వైరింగ్ తయారవుతుంది, ఏడాదికి మీక్కూడా అర్థం కాదు.

ముందు రెండు సంగతులు చూసుకోండి. ఒకటి వోల్టేజి: బీటిల్ లాంటివి 1960ల రెండో సగం దాకా 6 వోల్టులతోనే వచ్చాయి. రెండోది ఎర్త్: బ్రిటిష్ కార్లు చాలా 1960ల చివరి దాకా పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి. అది చూడకుండా బ్యాటరీని అలవాటుగా తగిలించి, దానికి ఆల్టర్నేటర్‌ కూడా ఉంటే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

ఏళ్ల తర్వాత బ్యాటరీ మొదటిసారి తగిలించేటప్పుడు ఒక పద్ధతి చెబుతాను. బ్యాటరీకీ దాని తీగకీ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నా బల్బు పూర్తిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, కానీ వైరు కాలదు, బల్బు ఆపేస్తుంది. మోరిస్ మైనర్ లాంటి కారు మొత్తానికి రెండే ఫ్యూజులు ఉంటాయి, అందుకే ఇది అవసరం. బ్యాటరీ కటాఫ్ స్విచ్, హెడ్ లైట్లకి రిలే పెట్టుకోవడం కూడా మంచిది. లైట్లు మసగ్గా ఉంటే కొత్త బల్బులు కొనేముందు ఎర్త్ చోట్లు గీకి శుభ్రం చేయండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

ఇప్పటి పెట్రోలు పాత ఇంజిన్‌కి పడుతుందా?

రెండు సమస్యలు. పాత పెట్రోలులో సీసం ఉండేది, అది వాల్వు సీట్లను కాపాడేది. 2021లో అల్జీరియా అమ్మకం ఆపడంతో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది. మెత్తటి ఇనుప సీట్లున్న హెడ్లలో, ముఖ్యంగా ఎక్కువ వేగంతో చాలాసేపు నడిపితే, సీటు నెమ్మదిగా అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. దానికోసం బాగున్న హెడ్ ఇప్పుడే విప్పక్కర్లేదు. వాల్వు క్లియరెన్స్ అప్పుడప్పుడు కొలిచి, తగ్గుతూ పోతుంటే హెడ్ ఎలాగూ విప్పే రోజున గట్టి సీట్లు వేయించండి.

రెండోది ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్క్ గ్యాస్కెట్లు దానికి తట్టుకోవు. ఇథనాల్‌కి ఆగే పైపులు వేయండి, ఏడాదికోసారి వేలితో నొక్కి చూడండి.

ఏ ఆయిల్ వాడాలి?

ఇంజిన్‌కి చాలావరకు 20డబ్ల్యూ-50, పాత ఇంజిన్ల కోసం చేసిన జింక్ ఎక్కువున్నది. ఇప్పటి ఆయిళ్లలో జింక్ తగ్గించారు, పాత రకం ట్యాపెట్లకి, క్యామ్‌కి అది అవసరం. గేర్ బాక్సులో ఇత్తడి సింక్రో రింగులుంటే జీఎల్-4 రకం గేర్ ఆయిల్, జీఎల్-5 కాదు. ఎక్కువ నంబరు అంటే ఎక్కువ మంచిదని ఇక్కడ అనుకోకండి.

బోల్టు రావట్లేదు.

పొడవాటి పైపు తగిలించి బలంగా తిప్పేముందు ఆలోచించండి, విరిగితే అరగంట పని రెండు రోజులవుతుంది. చొచ్చుకుపోయే ఆయిల్ కొట్టి రాత్రంతా ఉంచాలి, తర్వాత సుత్తితో తల మీద తట్టాలి, తర్వాత కొంచెం బిగించే వైపు తిప్పి అప్పుడు విప్పాలి. అప్పటికీ రాకపోతే నట్టును వేడి చేయాలి, దగ్గర్లో పెట్రోలు, బ్రేక్ పైపు లేదని చూసుకుని. కొన్ని పాత కార్లలో ఎడమ వైపు చక్రాల నట్లు ఎదురు మర, వాటిని విప్పాలనుకుని బిగిస్తూ పోయిన వాళ్లు చాలామంది.

తుప్పు ఎలా తీయాలి? వెల్డింగ్ నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. టింకరింగ్ కూలీయే ఈ పని మొత్తంలో పెద్ద ఖర్చు. మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్), 0.6 మిల్లీమీటర్ల వైరు, బాడీ రేకు 0.8 నుంచి 1 మిల్లీమీటరు. ముందు పనికిరాని రేకుల మీద చేయి తిరిగేదాకా అతకండి. కారు మీద ఒకే గీతగా లాగొద్దు, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, చల్లారనిస్తూ, లేకపోతే రేకు వేడికి అలలు తేలుతుంది. తుప్పు తినేసిన దాని మీద రేకు ముక్క కప్పి అతకడం కాదు, మంచి ఇనుము వచ్చేదాకా కోసి అతకాలి. విడిగా ఛాసిస్ లేని కార్లలో సిల్లు కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించండి. అది చేయకుండా కోస్తే బాడీ వంగి, తర్వాత తలుపు మూసుకోదు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ఆ డబ్బాను వెల్డింగ్ దగ్గరకే రానివ్వొద్దు.

చిన్న భాగాలకి కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, వాషింగ్ సోడా, ఒక పనికిరాని ఇనుప ముక్క. ఛార్జర్ మైనస్ మీ భాగానికి, ప్లస్ ఆ ముక్కకి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడొద్దు, నీళ్లు విషమవుతాయి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి.

లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. డబ్బా సెక్షన్ల (సిల్లుల్లాంటి మూసుకున్న బోలు భాగాల) లోపల మైనం స్ప్రే చేయడం మర్చిపోకండి, తుప్పు మొదలయ్యేది లోపలి నుంచే.

పెయింటు ఇంట్లో వేసుకోవచ్చా?

గీకడం, ప్రైమర్ దాకా మీరే చేసుకోండి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, తడి కాగితంతోనే రుద్దండి. హార్డెనర్ కలిపే ఇప్పటి పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి మామూలు మాస్కు చాలదు, బయట నుంచి స్వచ్ఛమైన గాలి ఇచ్చే మాస్కు కావాలి. అది లేకుండా షెడ్డులో కొట్టడం ఊపిరితిత్తులతో ఆట. చివరి కోటు బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. నిజానికి పెయింటు సగం బాగుంటే అసలు ముట్టుకోకపోవడమే నాకు నచ్చుతుంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒకసారి గీకితే మళ్లీ రాదు.

క్రోమ్, సీట్లు, అద్దాలు?

క్రోమ్ పూత బయటే వేయించాలి, ఇవ్వడానికి ముందు ప్రతి ముక్కనీ ఫోటో తీసి లెక్క రాసుకోండి, చిన్నవి తప్పిపోతాయి. సీట్లు చివర్న. అద్దం రబ్బరు బిగించేటప్పుడు గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, ఒకరు బయట నుంచి నొక్కుతుంటే ఇంకొకరు లోపల నుంచి తాడు లాగాలి. ఒక్కరి వల్ల కాదు.

ఒరిజినల్‌గానే ఉంచాలా, మార్పులు చేయొచ్చా?

వెనక్కి తీసుకోగలిగిన మార్పు ఏదైనా సరే. డిస్ట్రిబ్యూటర్ లోపల దాగిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రిలేలు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, ఇవి కారుకి మంచివే. బాడీ కోయాల్సి వచ్చేదైతే ఆగండి. సీటు బెల్టులు పెడితే ఉత్త రేకుకి బిగించొద్దు, వెనక గట్టి ప్లేటు ఉండాలి. టైర్లలో ముందు రేడియల్, వెనక పాత క్రాస్ ప్లై పెట్టడం ప్రమాదం. టైరు గాడులు నిండుగా ఉన్నాయని మురిసిపోకండి, పక్కన నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందు టైరు, నేరుగా పారేయండి.

ఏ పనులు బయట ఇవ్వాలి?

లేత్ పని, బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, రేడియేటర్ కోర్, చివరి పెయింటు. కాయిల్ స్ప్రింగులు నొక్కే పనిముట్టు మంచిది లేకపోతే అది కూడా, నొక్కిన స్ప్రింగ్ జారితే ప్రాణం మీదకొస్తుంది.

ఖర్చు, కాలం ఎంత?

చాలా మామూలు కార్లకి, పెట్టిన ఖర్చు అమ్మకం ధరకంటే ఎక్కువే అవుతుంది. లాభం కోసం అయితే బాగుచేసినదాన్ని ఇంకొకరి దగ్గర కొనడం చవక. కాలం నెలల్లో కాదు, సంవత్సరాల్లో లెక్కేసుకోండి. పూర్తిగా నడిచే దశకి త్వరగా తెచ్చుకుంటే ఆ సంవత్సరాలు భారం అనిపించవు, ఆదివారం నడుపుకుంటూ మిగతావి తీరిగ్గా చేసుకోవచ్చు.

తయారయ్యాక ఎలా ఉంచాలి?

నడపండి. వారానికోసారి అయిదు నిమిషాలు ఊరికే స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదనుకుంటారు, అది ఇంజిన్‌కి చెడు. వేడెక్కకుండా ఆపితే నీటి ఆవిరి ఆయిల్‌లో, సైలెన్సర్‌లో చేరి కూర్చుంటుంది. రెండు మూడు వారాలకోసారైనా అరగంట రోడ్డు మీద తిప్పాలి. ఎక్కువ కాలం ఆపాల్సి వస్తే బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జి తగ్గకుండా చూసే చిన్న ఛార్జర్) పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు అడ్డు పెట్టండి, వేసి ఉంచితే షూలు డ్రమ్ముకి పట్టేస్తాయి. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, కింద చెమ్మ పట్టి తుప్పుకి అదే దారి, గుడ్డ కవర్ వాడండి. కొత్తగా బోరింగ్ చేయించిన ఇంజిన్ అయితే మొదటి 800 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చి, మాన్యువల్ చెప్పిన చోట హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి వరసగా టార్క్ రెంచితో మళ్లీ ఒకసారి చూసుకోండి.